గ్రెన్‌ఫెల్ టవర్: డిజైన్ బాధ్యత చేతులు మారితే ఏమవుతుంది?

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ 1974లో పూర్తయిన 24 అంతస్తుల భవనం. జనం కాపురం ఉంటుండగానే దానికి భారీ మరమ్మతులు చేసి 2016లో ముగించారు. వెలుపలి గోడలకు ఇన్సులేషన్, దాని మీద అల్యూమినియం రేకులు, కొత్త కిటికీలు వేశారు. 2017 జూన్ 14 తెల్లవారుజామున నాలుగో అంతస్తులోని ఒక వంటగదిలో ఫ్రిజ్ దగ్గర పుట్టిన నిప్పు బయటి గోడకు చేరి, ఆ రేకుల వెంట పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు.

రేకుల మధ్య పాలిథిలిన్ అనే సులువుగా మండే ప్లాస్టిక్ ఉందన్న సంగతి అందరికీ తెలిసిందే. నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. ఆ పనిలో ఆర్కిటెక్ట్ ఉన్నారు. అగ్నిప్రమాద భద్రతా సలహాదారులు ఉన్నారు. ప్రధాన కాంట్రాక్టర్, క్లాడింగ్ (బయటి గోడ తొడుగు) సబ్ కాంట్రాక్టర్, స్థానిక కౌన్సిల్ తరఫున నిర్మాణ నిబంధనలు సరిచూసే బిల్డింగ్ కంట్రోల్ అధికారులు, అందరూ ఉన్నారు. ఇంతమందిలో ‘ఈ గోడ అంటుకుంటుందా?’ అని అడిగి, జవాబు రాబట్టి, దాని కింద సంతకం పెట్టాల్సింది ఎవరు? విచారణలో ఒక్కొక్కరూ ఇంకొకరి వైపు చూపించారు.

ఈ గందరగోళం ఒప్పందాల అమరికలోనే మొదలైంది. భవనం కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిల్‌ది, నిర్వహణ కేసీటీఎంఓ అనే సంస్థది. ఆర్కిటెక్ట్‌గా ‘స్టూడియో ఈ’ (Studio E) అనే సంస్థను మొదట పెట్టుకున్నది కేసీటీఎంఓనే. 2014లో రైడన్ సంస్థ డిజైన్ అండ్ బిల్డ్ పద్ధతిలో పని దక్కించుకుంది. అంటే కట్టడంతోపాటు డిజైన్ బాధ్యత కూడా కాంట్రాక్టర్‌దే. దాంతో ఆర్కిటెక్ట్ ఒప్పందాన్ని రైడన్‌కు బదిలీ చేశారు. నిర్మాణరంగంలో దీన్ని నోవేషన్ అంటారు. నిన్నటిదాకా యజమానికి జవాబు చెప్పిన ఆర్కిటెక్ట్ ఇక కాంట్రాక్టర్‌కు జవాబు చెప్పాలి. రైడన్ మళ్లీ క్లాడింగ్ డిజైన్‌ను హార్లీ అనే సబ్ కాంట్రాక్టర్‌కు అప్పగించింది. హార్లీ గీసిన డ్రాయింగులు ‘స్టూడియో ఈ’ వాళ్ల బల్ల మీదకు వచ్చాయి. తమ డిజైన్ ఉద్దేశానికి అవి సరిపోతున్నాయా అన్నంతవరకే చూశామని ఆర్కిటెక్టులు విచారణలో చెప్పారు. తమ పనిని ఆర్కిటెక్ట్, బిల్డింగ్ కంట్రోల్ సరిచూస్తారని హార్లీ అనుకుంది. నిపుణులను పెట్టుకున్నాం కదా, వాళ్లే చూసుకుంటారని రైడన్ అనుకుంది.

భద్రతా సలహాదారు ఎక్సోవా కథ ఇంకా బాధ కలిగిస్తుంది. ఈ మార్పుల వల్ల వెలుపలి గోడల మీద మంటలు వ్యాపించే విషయంలో చెడు ప్రభావం ఉండదనీ, ఆ మాటను తర్వాతి నివేదికలో విశ్లేషణతో నిర్ధారిస్తామనీ ఆ సంస్థ 2013లో రాసింది. ఆ తర్వాతి నివేదిక రానే లేదు. రైడన్ ఎక్సోవాను కొనసాగించలేదు. ‘ఆ విశ్లేషణ ఏమైంది?’ అని అడగాల్సిన మనిషి ఎవరో ఒప్పందం మారిన రోజున ఎవరూ తేల్చుకోలేదు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అత్యంత ప్రమాదకరమైన ఘడియ అదే.

ఇక ఖర్చు తగ్గింపు. మొదట అనుకున్న జింక్ రేకుల బదులు అల్యూమినియం కాంపోజిట్ రేకులు (రెండు పలుచటి అల్యూమినియం పొరల మధ్య పాలిథిలిన్ ఉన్నవి) వేస్తే దాదాపు 3 లక్షల పౌండ్లు మిగులుతాయన్నారు. దాన్ని ధరల పట్టికలో ఒక గీతగా చూశారు తప్ప డిజైన్ మార్పుగా చూడలేదు. పైగా 2015లో, పని నడుస్తుండగానే, మంటలొస్తే ఈ రేకులు ఎలాగూ త్వరగానే పోతాయి కదా అని హార్లీ ఉద్యోగి ఒకరు ఈమెయిల్‌లో రాశారు. ప్రమాదం తెలిసిన మనిషి ఉన్నా, ఆ మాట పట్టుకుని పని ఆపించే బాధ్యత ఎవరిదో తేలలేదు.

డిజైన్ అండ్ బిల్డ్ వల్ల బాధ్యత ఒకే చోట ఉంటుందని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. నష్టం జరిగాక ఎవరి మీద దావా వెయ్యాలో తేల్చడానికి ఆ వాదన పనికొస్తుంది. నష్టం జరగకముందు ప్రశ్న ఎవరు అడగాలన్నది మాత్రం దానివల్ల తేలదు. బ్రిటన్ ఇది గ్రహించి 2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం తెచ్చింది. ఇంగ్లండ్‌లో 2023 అక్టోబర్ నుంచి యజమాని ప్రిన్సిపల్ డిజైనర్‌ను, అంటే డిజైన్ పని నిబంధనల ప్రకారం ఉండేలా చూసే బాధ్యుణ్ని, నియమించాలి. 18 మీటర్లు లేదా 7 అంతస్తులు, ఆపైన ఉండే నివాస భవనాల్లో పెద్ద మార్పు ఏదైనా చేసే ముందు నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పాతికేళ్ల అపార్ట్‌మెంట్లకు ఇప్పుడు కొత్త ఎలివేషన్లు వేయిస్తున్నారు. చాలా అసోసియేషన్లకు ఒప్పందమంటే రెండు పేజీల కొటేషనే. అందులో ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్ల చదరపు అడుగు ధర ఉంటుంది, అడ్వాన్సు ఎంతో ఉంటుంది. షీటు లోపలి పదార్థం ఏమిటో, దాన్ని ఎంచుకున్న డిజైనర్ ఎవరో ఉండదు. పని మధ్యలో ‘అదే షీటు, వేరే కంపెనీ, రేటు తక్కువ’ అని కాంట్రాక్టర్ వాట్సాప్‌లో ఫొటో పెడితే సెక్రటరీ సరే అంటాడు. డిజైనర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ సామగ్రీ మార్చకూడదని, కాంట్రాక్టర్ మారినా ఆ డిజైనర్ యజమానుల తరఫునే ఉంటాడని వర్క్ ఆర్డర్‌లో రెండు వాక్యాలు చేర్చాలి. అతని ఫీజు కాంట్రాక్టర్ బిల్లులో కలపకుండా అసోసియేషన్ ఖాతా నుంచే నేరుగా ఇవ్వాలి.