విశాఖ వ్యాసాలకు కావలసింది కొత్త పేజీలు కావు

తెలుగు వికీపీడియాలో విశాఖ ప్రాంతం మీద పనిచేద్దామని నలుగురు కూడితే ముందుగా వచ్చే మాట, ఎన్ని కొత్త వ్యాసాలు రాద్దామని. వ్యాసాల లెక్కన బహుమతులిచ్చే పోటీలూ ఈ ధోరణినే పెంచుతున్నాయి. ఫలితం మొలకలు, అంటే రెండు వాక్యాలతో ఆగిపోయిన పేజీలు. అసలు పని ఉన్న పేజీల్లో ఉంది.

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది. పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. 2011 జనగణన చెప్పే దాదాపు 43 లక్షల జనాభా, 11,161 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం పాత జిల్లావి. కొత్త జిల్లా వెయ్యి చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. పేజీ పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలో ఒకరు విస్తీర్ణం మార్చి జనాభాను వదిలేస్తే, జనసాంద్రత 384 నుంచి ఒక్కసారిగా నాలుగు వేలు దాటుతుంది. విడివిడిగా చూస్తే రెండు అంకెలూ సరైనవే కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు.

చాలా పేజీల్లో ఒకేసారి మార్పులు చేసే ఆటోవికీబ్రౌజర్ అనే పనిముట్టుతో జిల్లా పేరును గుత్తగా మార్చేయడం ఇంకా ప్రమాదం. బొర్రా గుహలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పే వాక్యం మారాలి. 1950లో చింతపల్లిలో పుట్టిన వ్యక్తి జన్మస్థలం మాత్రం అప్పటి విశాఖపట్నం జిల్లాయే. ఈ తేడా యంత్రానికి తెలియదు, మనిషే చదవాలి. వికీపీడియాలకు తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటాలోనూ పాత జిల్లా విలువను చెరిపేయకూడదు. దానికి ముగింపు తేదీ ఇచ్చి, కొత్త జిల్లాను విడిగా చేర్చి ప్రాధాన్యం ఇవ్వాలి.

పనిని మనిషికో మండలం చొప్పున పంచుకోవడం మంచిది. ప్రతి గ్రామం పేజీలో ప్రవేశిక, సమాచారపెట్టె, అడుగున ఉన్న మండల మూస (మండలంలోని గ్రామాల పట్టీ), వర్గం చూడాలి. జనగణన పేరాను కదపనక్కర్లేదు, 2011 అన్న సంవత్సరం, మూలం ఉంటే చాలు. ఊరి పేరు దగ్గర మాత్రం ఆగాలి. జనగణన జాబితాలోని ఆంగ్ల అక్షరాల నుంచి తెలుగు చేసిన పేర్లలో దీర్ఘాలు పోతాయి, 'ళ' కాస్తా 'ల' అవుతుంది. మన్యం పేర్లకు ఈ బెడద మరీ ఎక్కువ. పంచాయతీ బోర్డునో, బడి బోర్డునో చూసి చర్చా పేజీలో రాసి, ఆ తర్వాతే పేజీని సరైన పేరుకు తరలించాలి. పాత పేరును, వెతికినవారిని కొత్త పేజీకి చేర్చే దారిమార్పుగా ఉండనివ్వాలి.

ఫొటోలతో మరో చిక్కు. బీచ్ రోడ్డులో శాశ్వతంగా నిలిపిన విగ్రహాల ఫొటోలను వికీపీడియా వాడుకునే ఉచిత బొమ్మల భండారం కామన్స్‌లోకి ఎక్కించవచ్చు, 1957 కాపీరైట్ చట్టం అందుకు వీలిస్తుంది. గోడల మీది కొత్త బొమ్మలకు ఆ మినహాయింపు లేదు. అందంగా ఉన్నాయని ఎక్కిస్తే తొలగిస్తారు.

ఒక మండలం పూర్తయ్యాక ఆ పని చేసినవారు కాక వేరొకరు సరిచూడాలి. భీమునిపట్నం, ఆనందపురం, పద్మనాభం మండలాలకు జిల్లా మారలేదు కదా అని దాటేస్తారు. రెవెన్యూ డివిజన్ మారింది, అక్కడి పేజీలూ తెరవాల్సిందే.