గోడేదో చూడకుండా డ్రిల్ కొనమంటే ఎలా?

బెంగళూరు తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఎవరో ఒకరు దాన్ని ముందుకు తోస్తూనే ఉన్నారు. సారాంశం ఇది: "ఒక్క బెజ్జం వేయడానికి కార్పెంటర్ వందలు అడుగుతాడు. మూడు వేలు పెట్టి 108 పీసుల డ్రిల్ కిట్టు కొనండి, జన్మకి సరిపోతుంది. వాట్లు ఎంత ఎక్కువుంటే ఏ గోడైనా అంత తేలిగ్గా లొంగుతుంది. టైల్ మీద టేపు అతికిస్తే పగలదు. టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టే, ఎంసీబీ ఉంటే షాక్ భయమే లేదు. గ్రైండర్‌కి చెక్క కోసే పళ్ల బ్లేడు బిగిస్తే రంపం దండగ, చేతికి గ్లవ్స్ మాత్రం మరవకండి. తుప్పుకీ, కిర్రుమనే తలుపుకీ, తిరగని ఫ్యానుకీ డబ్ల్యూడీ-40 ఒక్కటే మందు." చివర్లో మామూలే, పదిమందికీ పంపమని.

ఇంట్లో పనిముట్లు ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. బాల్కనీలో ఒక మూల బెంచీ వేసుకుని, దానికి వైస్ బిగించుకుని పని చేసుకునేవాణ్ణే నేనూ. పేచీ ఎక్కడంటే, ఆ మెసేజ్ మిషన్ గురించే మాట్లాడుతుంది. మిషన్ దేనిలోకి దిగాలో ఒక్క ముక్క చెప్పదు.

వాట్ల సంగతి ముందు చూద్దాం. మెసేజ్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. డబ్బా మీద రాసిన వాట్లు మిషన్ ప్లగ్గులోంచి లాగే కరెంటు లెక్క. బెజ్జం వేసే బిట్టు మొన దగ్గర పడే దెబ్బ లెక్క వేరు. మామూలు ఇంపాక్ట్ డ్రిల్ లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదానిమీద ఒకటి జారుతూ టకటకమంటాయి. నిమిషానికి వేలకొద్దీ దెబ్బలు పడతాయి కానీ ఒక్కోటీ చాలా చిన్నది, దానికి బలం మీరు వెనకనుంచి నొక్కితేనే వస్తుంది. రోటరీ హామర్ కథ వేరు. అందులో పిస్టన్ గాలిని నొక్కితే ఆ గాలి ఒక ఇనుప దిమ్మను ముందుకు విసురుతుంది, దిమ్మ వెళ్లి బిట్టు వెనక కొడుతుంది. 800 వాట్ల చుట్టూ ఉండే 26 ఎంఎం రోటరీ హామర్ ఒక్కో దెబ్బకి రెండున్నర జౌళ్లకు (దెబ్బలోని శక్తికి కొలత జౌల్) పైగా ఇస్తుంది. అవే వాట్లున్న ఇంపాక్ట్ డ్రిల్ డబ్బా మీద జౌళ్ల ఊసే ఉండదు, చూసుకోండి. బిట్లు కూడా వేరు: రోటరీ హామర్‌కి గాళ్లున్న ఎస్‌డీఎస్ బిట్టు, ఇంపాక్ట్ డ్రిల్‌కి చక్‌లో బిగించే గుండ్రటి కాడ బిట్టు.

ఇప్పుడు గోడలు. బెంగళూరులో అన్ని ఇళ్ల గోడలూ ఒకటి కావు. మల్లేశ్వరం, బసవనగుడి వైపు పాత ఇళ్లలో ఇటుక గోడ ఉంటుంది, కొన్ని చోట్ల సైజు రాయి కూడా తగులుతుంది. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్లలో అద్దెలకి కట్టిన నాలుగంతస్తుల బిల్డింగుల్లో సాలిడ్ కాంక్రీట్ బ్లాకులు ఎక్కువ. పెద్ద కాంప్లెక్సుల్లో రెండు రకాలు. తేలిగ్గా, లోపలంతా గాలి గుల్లలతో ఉండే ఏఏసీ బ్లాకు ఒకటి. అల్యూమినియం షట్టరింగ్ పెట్టి గోడా స్లాబూ కలిపి పోత పోసే మివాన్ రెండోది. మివాన్ గోడంటే అచ్చం ఆర్‌సీసీ, లోపల కడ్డీల జాలీ ఉంటుంది.

ఈ గోడలన్నిటికీ ఒకే మిషన్, ఒకే మోడ్ అంటే కుదరదు. ఇటుకకీ, సాలిడ్ బ్లాకుకీ మామూలు ఇంపాక్ట్ డ్రిల్ హాయిగా సరిపోతుంది. మివాన్ గోడ మీద అదే మిషన్ పెడితే చేయి పడిపోతుంది, బిట్టు మొన ఎర్రబడుతుంది, బెజ్జం మాత్రం గోరంత దిగదు. అక్కడ రోటరీ హామర్ కావాలి. దాన్ని కొనక్కర్లేదు కూడా, రోజు అద్దెకి ఇచ్చేవాళ్లు ఊళ్లో ఉన్నారు, బెజ్జాలన్నీ గుర్తుపెట్టుకుని ఒకే రోజు కానిచ్చుకోవచ్చు. ఏఏసీ గోడకి సరిగ్గా దీనికి తలకిందులు. మిషన్‌లో దెబ్బ కొట్టే హామర్ మోడ్ ఆపేసి ఊరికే తిప్పితే చాలు, బిట్టు దానంతటదే దిగిపోతుంది. హామర్ వేశారా, 8 ఎంఎం బెజ్జం వదులై, స్క్రూ పట్టడానికి అందులో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు గలగలలాడుతుంది. ఎక్కువ వాట్ల మిషన్ కొన్నవాడే ఇక్కడ ఎక్కువ నష్టపోతాడు.

గోడేదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. సోఫా వెనకో, అల్మారా చాటునో 4 ఎంఎం బిట్టుతో, హామర్ లేకుండా చిన్న బెజ్జం మొదలుపెట్టి కింద ఒక తెల్ల కాగితం పట్టుకోండి. ముందు రాలేది ప్లాస్టరింగ్ పొడి, దాన్ని దులిపేయండి. తర్వాత ఎర్రటి పొడి వస్తే ఇటుక. తెల్లగా, మెత్తగా, ఆపకుండా రాలుతూ ఉంటే ఏఏసీ. బూడిదరంగులో గరుగ్గా, ఆగి ఆగి వస్తే సాలిడ్ బ్లాకు. బూడిద పొడి చిటికెడు వచ్చి బిట్టు అక్కడే తిరుగుతుంటే ఆర్‌సీసీ. పొడిలో మెరిసే రజను కనిపించి, కీచుమన్న శబ్దం వస్తే కడ్డీ తగిలినట్టే. అక్కడ ఇంకా నొక్కకండి, రెండంగుళాలు పక్కకి జరగండి.

ప్లగ్గు విషయంలో ఇంకో చిక్కుంది, మెసేజ్ దాని జోలికే పోలేదు. గోడ పైన ప్లాస్టరింగ్ అర అంగుళం మందం ఉంటుంది, చాలా ఫ్లాట్లలో లోపలివైపు జిప్సం ప్లాస్టరింగే. 30 ఎంఎం ప్లగ్గుని గోడ అంచుకి సమంగా పెడితే దాదాపు సగం ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోతుంది, దానికి పట్టు ఉండదు. బెజ్జం ఇంకాస్త లోతుగా వేసి, ప్లగ్గుని ప్లాస్టరింగ్ దాటేదాకా లోపలికి తోసి, ఆ మేరకు పొడుగు స్క్రూ వాడాలి. కిట్టుతో వచ్చే పొట్టి స్క్రూలు ఇక్కడే దెబ్బతీస్తాయి. ఫోటో ఫ్రేముకి ఎలాగైనా నడుస్తుంది కానీ గీజర్‌కి నడవదు. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లే 25 కిలోలు, దాని సొంత బరువు కలిస్తే ముప్పై దాటుతుంది. ఏఏసీ గోడకి దాన్ని మామూలు ప్లగ్గుల మీద వేలాడదీయడం తగదు, పొడుగు ఫ్రేమ్ ఫిక్సింగులు (గోడ లోపలిదాకా దిగే పొడుగు ప్లగ్గు, స్క్రూ) గానీ, కెమికల్ యాంకర్ (జిగురుతో బెజ్జంలో పట్టే బోల్టు) గానీ వేయించాలి. సీలింగ్ జోలికి వెళ్లేముందు మీ బిల్డింగులో స్లాబు పోస్ట్ టెన్షన్‌దా అని అసోసియేషన్‌ని అడగండి. అలాంటి స్లాబులో బిగలాగి ఉంచిన ఉక్కు తీగలుంటాయి, డ్రిల్ వాటికి తగలకూడదు.

టైల్ మీద టేపు అంటే, టేపు చేసే పని ఒక్కటే: మొదట్లో బిట్టు జారకుండా పట్టి ఉంచుతుంది. టైల్ పగిలేది హామర్ దెబ్బకీ, వేడికీ, అంచుకి మరీ దగ్గరగా బెజ్జం వేసినందుకూ. వీటిలో దేన్నీ టేపు ఆపలేదు. టైల్ దాటేదాకా హామర్ ఆఫ్‌లో ఉంచి, నెమ్మదిగా తిప్పాలి. వంటింటి గోడకున్న సిరామిక్ టైల్‌కి బల్లెం మొనలా ఉండే కార్బైడ్ బిట్టు సరిపోతుంది. విట్రిఫైడ్ టైల్ గట్టిది, దానికి డైమండ్ పూత ఉన్న గొట్టం బిట్టు పెట్టి, పక్కన ఎవరైనా స్పాంజితో నీళ్లు అందిస్తూ ఉండాలి. నీళ్లు మిషన్‌లోకి పోకుండా చూసుకోవాలి, అది వేరే చెప్పాలా.

ఇక కరెంటు. మిగతా తప్పులతో గోడో టైలో పోతుంది, ఇక్కడ మనిషి పోతాడు. అందుకే టెస్టర్ వెలగకపోతే కరెంటు లేనట్టే అన్న వాక్యం చూసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. టెస్టర్‌లో చిన్న నియాన్ బల్బు, దానికి వరసగా పెద్ద రెసిస్టర్ ఉంటాయి. మీ ఒంట్లోంచి పోయే మిల్లీ ఆంపియర్‌లో కొద్ది భాగంతోనే అది వెలగాలి. పట్టపగలు బాల్కనీ వెలుతురులో ఆ ఎర్రటి చుక్క కంటికి ఆనదు. మీరు రబ్బరు చెప్పులతో చెక్క స్టూలు మీద నిలబడితే ఇంకా మసకబారుతుంది. బల్బు మాడిపోయిన టెస్టర్ ఎప్పటికీ వెలగదు, అంతమాత్రాన కరెంటు లేనట్టా? కాబట్టి ముందు కరెంటుందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో టెస్టర్ చూడండి, తర్వాత పని చేయాల్సిన చోట, ఆ తర్వాత మళ్లీ మొదటి సాకెట్‌లో. మల్టీమీటర్ కొనుక్కుంటే ఇంకా నయం.

బెంగళూరు ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. చాలామందికి ఇంట్లో యూపీఎస్ ఉంటుంది. మెయిన్ ఆఫ్ చేసినా యూపీఎస్ మీదున్న లైట్లు, ఫ్యాన్ల లైన్లలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. యూపీఎస్ కూడా ఆపి, దాని అవుట్‌పుట్ విడదీస్తే గానీ ఆ లైను చచ్చినట్టు కాదు. బెస్కాం కరెంటు పోయింది కదా, ఈలోపు స్విచ్ బోర్డు విప్పేద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు. అపార్ట్‌మెంట్ జనరేటర్ కొద్ది సెకన్లలో దానంతటదే అందుకుంటుంది, మీ చేతిలో ఏముందో దానికి తెలీదు.

ఎంసీబీ ఉన్నది వైరు మాడకుండా కాపాడటానికి. ఇంట్లో అన్నిటికన్నా చిన్నది 6 ఆంపియర్లది అనుకుందాం, అంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. మనిషికి ముప్పు పదుల మిల్లీ ఆంపియర్లలోనే మొదలవుతుంది. మీకు షాక్ కొడుతుంటే ఎంసీబీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ పని చేయాల్సింది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే వెళ్లిన కరెంటు అంతా తిరిగి రాకుండా ఎర్త్‌లోకి పోతుంటే లైను తెంచే స్విచ్. మీ డీబీలో (ఎంసీబీలుండే డబ్బాలో) అది ఉందో లేదో చూడండి, ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కి పడిపోతోందో లేదో గమనించండి. అదీ సర్వరక్ష కాదు. కింద ఎర్త్ తగలకుండా నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీకి మీరూ ఒక బల్బు లాగే కనిపిస్తారు. బెజ్జం వేసే చోటు ఎంచుకునేటప్పుడు స్విచ్ బోర్డుకి నిటారుగా పైనా కిందా వదిలేయండి. వైర్ల పైపులు సాధారణంగా అక్కడే దిగుతాయి, ఎప్పుడూ అక్కడే దిగుతాయన్న హామీ మాత్రం లేదు.

గ్రైండర్‌కి చెక్క బ్లేడు. ఇనుమూ టైలూ కోసే నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే చక్రం అంచు గంటకి 200 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అరగదీసే చక్రాన్ని చెక్క మధ్యలో పట్టేస్తే అది అరుగుతుంది, కాలుతుంది. పళ్లున్న బ్లేడుని పట్టేస్తే పన్ను కొరుక్కుని మిషన్ మొత్తం మీ మీదికి ఎగురుతుంది. మామూలు గ్రైండర్లకి ముందుకు జరిపే స్విచ్ ఉంటుంది, చేతిలోంచి జారినా మిషన్ ఆగదు. పైగా ఆ బ్లేడు పట్టడం కోసం చక్రానికి అడ్డుగా ఉండే గార్డు విప్పేసేవాళ్లే ఎక్కువ. ప్లైవుడ్ కోయాలంటే కొన్న షాపులోనే సైజుకి కోయించుకోండి, ఇంట్లో చిన్న పనికి చేతి రంపం, వంకర కోతకి జిగ్‌సా చాలు.

గ్లవ్స్ మాట వినడానికి మంచి సలహాలా ఉంటుంది. లేతు దగ్గరా, డ్రిల్లింగ్ మిషన్ దగ్గరా గ్లవ్స్ వేసుకోనివ్వకపోవడం మెషిన్ షాపుల్లో పాత నియమం, పీణ్యా ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లని ఎవర్నడిగినా చెబుతారు. వదులుగా ఉన్న నూలు గ్లవ్ పోగు ఒకటి తిరిగే బిట్టుకి చుట్టుకుంటే వేలు కూడా దానితోపాటే వెళ్తుంది. గ్రైండర్‌కి చేతికి అతుక్కున్నట్టుండే తోలు గ్లవ్స్ పర్వాలేదు. ఏ మిషన్‌కైనా తప్పనిసరి కళ్లద్దాలే, గోడ కోసేటప్పుడు ఎన్95 మాస్కు కూడా, కాంక్రీటు పొడిలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఉంటుంది కనుక. ఈ రెండిటి పేరూ మెసేజ్‌లో లేదు.

డబ్ల్యూడీ-40 మీద పెద్ద వాదన అక్కర్లేదు. 1953లో అమెరికాలో అట్లాస్ క్షిపణి పైపొరకి తుప్పు పట్టకుండా తయారుచేసిన సరుకది. బిగుసుకున్న నట్టు వదులు చేయడానికీ, తడి తరమడానికీ బాగుంటుంది. అందులో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకం, మిగిలే నూనె పొర పలచన. తలుపు కీలుకి కొడితే కిర్రు ఆగుతుంది, కొన్నాళ్లకి తిరిగొస్తుంది. అక్కడ గ్రీజో, కుట్టుమిషన్ నూనో వేయండి. ఫ్యాను బేరింగ్‌లోకి కొడితే ఉన్న గ్రీజు కాస్తా కడుక్కుపోతుంది.

చివరికి ఆ 108 పీసులు. డబ్బా తెరిచి లెక్కపెడితే ప్లాస్టిక్ ప్లగ్గులు, స్క్రూలు, ఎప్పటికీ వాడని స్క్రూడ్రైవర్ బిట్లు కలిపి ఆ అంకె వస్తుంది. అదే డబ్బు పట్టుకుని టౌన్ హాల్ దగ్గర ఎస్‌జేపీ రోడ్డుకో, ఎస్పీ రోడ్డుకో వెళ్లండి. ముందు మంచి కటింగ్ ప్లేయర్, రెండు మూడు సైజుల స్క్రూడ్రైవర్లు, సుత్తి, కొలిచే టేపు, స్పిరిట్ లెవెల్, హ్యాక్సా, మల్టీమీటర్. మిగిలినదానికి ఇంకొంత కలిపి, మీది ఇటుక గోడో సాలిడ్ బ్లాకో అయితే మామూలు 13 ఎంఎం ఇంపాక్ట్ డ్రిల్. ఏఏసీ గోడైనా అదే చాలు, హామర్ మీట జోలికి పోకండి. గోడ బిట్లు సెట్టుగా కొనొద్దు, 6 ఎంఎం, 8 ఎంఎం మాత్రమే విడిగా, రెండేసి తీసుకోండి. కడ్డీ తగిలితే ముందు ఎగిరిపోయేది ఆ కార్బైడ్ మొనే.