సూపర్ కంప్యూటర్లు వచ్చాయి, వాతావరణ నిపుణులకు కొలువులేవి?

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం వాతావరణ అంచనాలను మెరుగుపరిచే ‘మిషన్ మౌసమ్’కు రెండేళ్ల కాలానికి రూ.2,000 కోట్లు ఆమోదించింది. అదే నెలలో రూ.850 కోట్ల వ్యయంతో పుణె, నోయిడాల్లో అర్క, అరుణిక సూపర్ కంప్యూటర్లు ప్రారంభమయ్యాయి. సంతోషించాల్సిన విషయమే. కానీ అదే ఏడాది మొదట్లో దేశవ్యాప్తంగా కృషి విజ్ఞాన కేంద్రాల్లో నడుస్తూ, వాతావరణాన్ని బట్టి రైతులకు సలహాలిస్తున్న 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు మూతపడ్డాయి. ఒక్కో విభాగంలో ఉన్నది ఒక నిపుణుడు, ఒక పరిశీలకుడు. వారివీ ఒప్పంద ఉద్యోగాలే. యంత్రాలకు వేల కోట్లు దొరికిన చోట ఆ ఇద్దరి జీతానికి దారి దొరకలేదంటే నమ్మబుద్ధి కాదు.

సమాచార సేకరణ ఎలాగూ యంత్రాల చేతికి వచ్చింది, ఇక మనుషులెందుకన్న వాదన అప్పట్లో వినిపించింది. ఆ విభాగాల పని అంకెలు సేకరించడమే అనుకుంటేనే ఆ వాదన నిలుస్తుంది. మంగళ, శుక్రవారాల్లో రానున్న ఐదు రోజుల అంచనా చేతికి రాగానే అసలు పని మొదలయ్యేది. ‘ఎల్లుండి ఓ మోస్తరు వర్షం’ అన్న వాక్యం పత్తి రైతుకు ఏమీ చెప్పదు. పగిలిన కాయ ఎంత ఉంది, ఈ రెండు రోజుల్లో తీత ముగించాలా, నిన్న కొన్న పురుగుమందు కొట్టవచ్చా, యూరియా ఇప్పుడు చల్లితే నీటిపాలవుతుందా? వీటికి జవాబు చెప్పాలంటే ద్రోణి ఎటు కదులుతోందో తెలియాలి, ఆ మండలంలో పైరు ఏ దశలో ఉందో కూడా తెలియాలి. ఈ రెండూ తెలిసిన మనిషిని తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోని కేంద్రాలు ఈ సలహాలు ఇస్తూనే ఉన్నాయి. అయితే ఒక్కో కేంద్రం కొన్ని జిల్లాలను కలిపి చూడాలి.

2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ వ్యవస్థ, అంచనా కోసం నేలను విభజించే 12 కిలోమీటర్ల గడిని 6 కిలోమీటర్లకు తగ్గించింది. ఇదివరకు ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోయిన మండలం ఇప్పుడు ఐదారు గడుల్లో కనిపిస్తుంది. నిజంగా గొప్ప మెరుగుదల. అయినా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం కమ్ముకుని కళ్లాల్లో ఆరబోసిన ధాన్యాన్ని తడిపేస్తుందే, దాని వెడల్పు కొన్ని కిలోమీటర్లే. అది కచ్చితంగా ఏ ఊరి మీద కురుస్తుందో ఒక రోజు ముందు ఆ గడి చెప్పలేదు. రాడార్ తెర మీద మేఘం ఎదుగుతుండగా చూసి, గంట రెండు గంటల ముందు పట్టాలు కప్పుకోమని చెప్పగలిగేది దాన్ని చదవడం వచ్చిన మనిషే. మన రెండు రాష్ట్రాల్లో వాతావరణ ఔత్సాహికులు తెలుగులో ఊళ్ల పేర్లతో సహా పెట్టే కబుర్లను జనం అంత నమ్మకంగా ఎందుకు అనుసరిస్తున్నారు? ఆ ఖాళీ కనిపిస్తూనే ఉంది.

చదువుకు మన దగ్గర లోటు లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం దశాబ్దాలుగా పరిశోధకులను తయారు చేస్తోంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపల జాడ అందిస్తోంది. తిరుపతి సమీపంలోని గాదంకిలో పై వాతావరణాన్ని గమనించే భారీ రాడార్ ఉంది. చదువు అయ్యాక ఏమిటన్నదే చిక్కు. పీహెచ్‌డీలో చేరిన జూనియర్ ఫెలోకు నెలకు రూ.37,000 అందుతుంది. ఆ తరువాత చాలామందికి మిగిలేది ప్రాజెక్టు ఉద్యోగం. ప్రాజెక్టు ముగిస్తే అదీ ముగుస్తుంది. భౌతికశాస్త్రం, గణితం బాగా వచ్చిన పిల్లవాడు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లాడని నిందించలేం. ప్రైవేటు రంగం కొంత పిలుస్తోంది: గాలి, సౌర విద్యుత్తును 15 నిమిషాల చొప్పున ముందే అంచనా వేసి గ్రిడ్‌కు చెప్పాలి కాబట్టి ఆ సంస్థలకు నిపుణులు కావాలి. అయితే వారి అంచనా కొనుక్కున్న కంపెనీకి చేరుతుంది తప్ప కౌలురైతుకు చేరదు.

కేంద్రం మనసు మార్చుకునే వరకు ఆగాల్సిన పని లేదు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి. వాటి లెక్కలు రోజూ వస్తూనే ఉన్నాయి. వ్యవసాయ శాఖలో జిల్లాకు ఒక వాతావరణ నిపుణుడి పోస్టును రెండు రాష్ట్రాలూ శాశ్వత ప్రాతిపదికన మంజూరు చేయవచ్చు. మూతపడిన విభాగాల్లో అనుభవం సంపాదించినవారికి అందులో మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. వారు వేరే ఉద్యోగాల్లో కుదురుకోకముందే, వచ్చే బడ్జెట్‌లోనే ఆ పని జరగాలి.