శ్రీ రాజీ కాగితం గారి దివ్యసముఖానికి

అయ్యా,

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా తగువు ఎక్కడ పుట్టినా ఆఖరికి చేరేది మీ ఒళ్ళోకే. ‘ఎవరి బలవంతమూ లేకుండా, మా పూర్తి ఇష్టంతో’ అని మీ మీద ముందే రాస్తారు. అలా రాస్తున్నప్పుడు సంతకం పెట్టాల్సిన మనిషి చుట్టూ ఎంతమంది నిలబడ్డారో మాత్రం రాయరు. మార్జిన్‌లో పట్టదు కాబోలు.

మొన్న ఓ ఇడ్లీ బండి తగువు చూశాను. బైకు మీదొచ్చిన కుర్రాడు బండిని గుద్దేశాడు, పిండి గిన్నె రోడ్డు పాలైంది. పెద్దమనుషులు రెండు వేలకి తేల్చేశారు. “గుద్దేసి నవ్వాడు బాబూ, ఎందుకు నవ్వాడో అడగండి” అంటుంది ఆవిడ. “సర్లేవమ్మా, కుర్రోడు. కేసైతే రేపు ఉద్యోగం రాదు” అంటారు వీళ్ళు. కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు. మాట్లాడ్డానికి నాన్న, బాబాయి, ఓ వార్డు నాయకుడు ఉండగా తనకెందుకు శ్రమ? ఆవిడ వేలిముద్ర వేసి, సిరా కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. అందరూ టీ తాగారు. (పెళ్ళాన్ని కొట్టిన కేసుల్లో తమరి ఘనకార్యాలకి వేరే ఉత్తరం రాస్తాను.)

1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రాళ్ళు తాగి, ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు పాడుచేశారు. ప్రొబేషన్ అధికారి (నేరం చేసినవాళ్ళ నడవడిక కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి) వాళ్ళని గడపగడపకీ తీసుకెళ్ళి, నష్టపోయినవాళ్ళ మాట ఎదురుగా నిలబడి వినేలా చేశాడు. డబ్బు కట్టడం ఆ తర్వాత. ఇంగ్లండులో హల్ నగరమైతే ఊరంతటినీ ఈ దారికి తేవాలని టీచర్లకీ పోలీసులకీ శిక్షణ ఇప్పించింది. ఈ పద్ధతిలో తగువుతో సంబంధమున్న అందర్నీ గుండ్రంగా కూర్చోబెడతారు. ఏం జరిగింది, ఎవరికి బాధ కలిగింది, ఎలా సరిచేద్దాం అని అడుగుతారు. ఓ వస్తువు చేతులు మారుతుంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే మాట. మన ఊళ్ళో అయితే అది పెద్దమనిషి చేతికి అంటుకుపోతుంది, సబ్బు పెట్టి కడిగినా రాదు.

ఇరుగుపొరుగు తగువులకి సామాజిక మధ్యవర్తిత్వం ఉండాలని మన పార్లమెంటు కూడా 2023 మధ్యవర్తిత్వ చట్టంలో రాసింది. ఇద్దరూ ముందే ఒప్పుకోవాలట, ముగ్గురు మధ్యవర్తులు ఉండాలట. ముగ్గురేనా! మిగతా పెద్దమనుషులు సాయంత్రాలు ఏం చేసుకోవాలి?

మిమ్మల్ని రద్దు చేయమని అడగను, అంత ధైర్యం లేదు. ఈసారి సంతకం పైన నాలుగు గీతలు ఖాళీ వదలండి, చాలు. దెబ్బ తిన్నవాళ్ళు తమకేం కావాలో అక్కడ రాయించుకుంటారు. ఆ ఇడ్లీ బండావిడ రెండు వేలు వద్దని, కుర్రాణ్ణి వారం రోజులు తెల్లారకముందే వచ్చి పిండి రుబ్బమనొచ్చు. అప్పుడు వాళ్ళ నాన్న పడే టెన్షన్ చూడాలని నాకు మహా సరదాగా ఉంది.

ఇట్లు,
సాక్షి సంతకం పెట్టమంటే తప్పించుకున్న ఓ పౌరుడు