కృష్ణ నడుమ కాపురమున్న సరిహద్దు గీత గారికి

మ.రా.రా.శ్రీ ఆంధ్రప్రదేశ్-తెలంగాణ సరిహద్దు గీత గారి సముఖమునకు,
మకాం: శ్రీశైలం జలాశయం, నీళ్ల అడుగున.

కర్నూలు నుంచి ఒక సాంఘిక శాస్త్రం మాస్టారు రాసుకునే విన్నపం.

అయ్యా (గీత అన్న పేరును బట్టి అమ్మా అనాలేమో, సర్వే పటాల్లో ఆ వివరం లేదు),

తమరు క్షేమమని తలుస్తాను. జలాశయం నిండి 885 అడుగుల మట్టాన్ని అందుకున్నప్పుడు కూడా అన్ని నీళ్ల కింద పడుకొని ఒక్కనాడూ తడవనివారు, వేసవిలో నీళ్లు దిగిపోయి సంగమేశ్వరంలోని వేప లింగం సైతం పైకి వచ్చి దర్శనమిచ్చే రోజుల్లోనూ ఎవరి కంటా పడనివారు తమరొక్కరే. సంగమేశ్వరుడు ఏడాదిలో కొన్నాళ్లయినా బయటికి వస్తాడు. తమరు కాగితం మీద తప్ప కనిపించరు.

ఈ లేఖ రాయవలసి రావడానికి కారణం అర మార్కు. మొన్న తొమ్మిదో తరగతికి పెట్టిన పరీక్షలో ఆంధ్రప్రదేశ్ పటమిచ్చి నల్లమల కొండలకు ఆకుపచ్చ రంగు వేయమన్నాను. ఒక పాప రంగు పెన్సిలు పట్టుకొని గిద్దలూరు దగ్గర మొదలుపెట్టి, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చేరి, అక్కడ ఆగకుండా కృష్ణ దాటి, పటం బయటనున్న తెల్లకాగితం మీద అమ్రాబాదు వరకూ పూసుకుంటూ పోయింది. గీత దాటినందుకు అర మార్కు తగ్గించాను. ఆ పాప వాదించలేదు. అట్లాసు తెచ్చి, కొండల రంగు ఏటికి రెండు వైపులా ఒకేలా ఉన్న పుటను నా బల్ల మీద తెరిచి పెట్టి నిలబడింది. “ప్రశ్న ఆంధ్రప్రదేశ్ పటం గురించమ్మా” అని చెప్పి పంపించాను గానీ, ఆ రాత్రి తమ సర్వీసు రిజిస్టరు తిరగేయక తప్పింది కాదు.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి ఈస్టిండియా కంపెనీ మా ఊరిని కలుపుకున్ననాటి నుంచి తమరు నిజాం రాజ్యానికీ కంపెనీకీ నడుమ ఈ ఏట్లో కొలువు చేశారు. దొరలు పోయినా తమ ఉద్యోగం పోలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తుంగభద్ర ఆవలి గట్టున ఉన్న అలంపురం నవబ్రహ్మ ఆలయాలు మా రాజధానికి దగ్గరలోనే ఉన్నా, అది పరాయి రాష్ట్రమేనని కాపలా కాశారు. 1956 నవంబరు 1న తమకు పదవీ విరమణ ఇచ్చి పంపారు. 57 ఏళ్ల ఏడు నెలల తరువాత, 2014 జూన్ 2న, తమరిని అదే ఏట్లో అదే కొలువులో మళ్లీ కూర్చోబెట్టారు. మా శాఖలో రిటైరైన మాస్టారికి పింఛను కాగితాలు కదలడానికే చెప్పులు అరుగుతాయి. తమకు దొరికిన ఈ భాగ్యం పగవాడికి కూడా దక్కదు.

తమరు విశ్రాంతిలో ఉన్న ఆ కాలంలోనే ఈ కొండలకు ఒక మేలు జరిగింది. 1978లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల పథకంలో చేర్చినప్పుడు మధ్యలో తమరు లేరు గనుక, కర్నూలు, ప్రకాశం, గుంటూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ ఐదు జిల్లాల అడవిని ఒకే ముద్దగా తీసుకొని, 3,568 చదరపు కిలోమీటర్ల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం చేశారు. దేశంలో అంతటిది మరొకటి లేదని మేము పిల్లలకు గర్వంగా చెప్పేవాళ్లం. తమరు తిరిగి కొలువులోకి రాగానే ఏటి ఉత్తరపు అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది, దక్షిణపు అడవి పాత పేరుతో మిగిలింది. బోర్డులు మారాయి, దస్త్రాలు రెండయ్యాయి. తమరి చలువతో గీతల సంతానం కూడా వృద్ధి చెంది, 2022 ఏప్రిల్ 4న తమ చెల్లెలు జిల్లా గీత మా కర్నూలు నుంచి శ్రీశైలాన్ని విడదీసి నంద్యాలకు ఇచ్చింది. కర్నూలు బస్టాండులో మాత్రం ఇప్పటికీ “మన శ్రీశైలం” అనే అంటారు. ఆవిడను కూడా అడిగినట్టు చెప్పండి.

నల్లమలలో గీతలకు కరువు ఉందని తమరు అనుకోవద్దు. పులి ఒంటి నిండా గీతలే. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు గనుక, అడవి దారుల్లో చెట్లకు కట్టిన కెమెరాల బొమ్మల్లో ఆ చారలను పోల్చుకొనే వాటిని లెక్కపెడతారు, వాటికి సంఖ్యలు ఇస్తారు. పులికి హద్దు కూడా ఉంటుంది. చెట్టు బెరడు మీద గోళ్లతో గీరి, పొదల మీద మూత్రం చిమ్మి అది తన సరిహద్దు చెబుతుంది. ఆ వాసన ఆరిపోయే లోపల మళ్లీ వచ్చి చిమ్మాలి, లేకపోతే ఇంకొక పులి వచ్చి కూర్చుంటుంది. అంటే నడిచి కాపాడుకున్నంత కాలమే అది హద్దు. తమరు ఈ పద్ధతిని ఒక్కసారి పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. గెజిట్‌లో ఒకసారి అచ్చయిన తరువాత తిరిగి చూసే అలవాటు తమకు లేదని వినికిడి.

2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పులికూనలు తల్లి లేకుండా దొరికినప్పుడు, ఆ తల్లి టి-108 అనే సంఖ్య గల పులి అని గుర్తించి, కూనలను దానితో కలపాలని అటవీ సిబ్బంది రాత్రింబగళ్లు తిరిగారు. కలపడం కుదరక వాటిని తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. ఆ రోజుల్లో మా స్టాఫ్‌రూములో ఎవరూ ఆ పులి ఏ రాష్ట్రానిదని అడగలేదు, తల్లి వచ్చిందా అనే అడిగారు. తమను ఎవరూ తలచుకోని వారం అదొక్కటే అనుకుంటాను.

హద్దులు, పేర్లు ప్రాణుల ఇష్టప్రకారం ఉండవని చెప్పడానికి ఒక సాలెపురుగు సాక్ష్యం కూడా ఉంది. నెమలి మెడలా నీలంగా మెరిసే ఒక పెద్ద సాలెపురుగు అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కట్టెల యార్డులో దొరికితే, 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దానిని లోకానికి పరిచయం చేశాడు. గుత్తి సాలీడు అనే పేరు అంతటా నిలిచిపోయింది. గుత్తిలో అది మళ్లీ దొరకలేదు. 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ నడుమ నల్లమల చెట్ల తొర్రల్లో కనిపించేసరికి, అది నల్లమల పురుగేననీ, కట్టెల లోడుతో గూడ్సు బండి ఎక్కి గుత్తిలో దిగి ఉంటుందనీ అర్థమైంది. టికెట్టు లేని ఒక్క ప్రయాణానికి వందేళ్లుగా పరాయి ఊరి పేరు మోస్తోంది పాపం.

ఇక మనుషుల సంగతి. మైదానంలో పెంట అంటే చెత్తకుప్ప, నల్లమలలో పెంట అంటే చెంచుల ఊరు. ఇటు సున్నిపెంట, అటు పాత పేర్లతో దోమలపెంట, ఈగలపెంట. పేర్లు పెట్టినవారికి నడుమ గీత ఉందని తెలిసినట్టు లేదు. కిందటేడు శిఖరం మలుపు దగ్గర ఒక చెంచు పెద్దాయన పాత బీరు సీసాలో తేనె అమ్ముతున్నాడు. మూతికి మోదుగాకు ఉండ చుట్టి దోపాడు. నేను కల్తీ ఉందేమోనని చూస్తుంటే సీసాను తలకిందులు చేశాడు. గాలి బుడగ తొందర లేకుండా, గాజుకు ఆనుకుంటూ, కింది నుంచి పైకి పాకింది. ఈ పట్టు ఇవతలి కొండదా, అవతలి కొండదా అని అడిగాను. “ఏటి ఆవల మా మామోళ్ల పెంట, సారూ. పోయినప్పుడు ఆడ కొడతాం, వాళ్లొస్తే ఈడ కొడతాం” అన్నాడు. తేనె ఎక్కడిదని అడిగితే బంధుత్వం చెప్పినవాణ్ని తమరు ఏ కాలమ్‌లో నమోదు చేస్తారో తెలుసుకోవాలని ఉంది.

బంధుత్వం అన్నాను గనుక మరొక చిక్కు. చెంచులు మల్లికార్జునుణ్ని చెంచు మల్లయ్య అని పిలిచి అల్లుడంటారు. ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కొండదారిన నడిచి వచ్చే కన్నడ భక్తులు భ్రమరాంబ తమ ఇంటి ఆడబిడ్డ అంటారు, కాబట్టి ఆయన వారికీ అల్లుడే. తమ వంటి ఇంకొక గీతను దాటుకొని వచ్చి మరీ పుట్టింటి చీర పెడతారు. స్వామి స్థానికతను ఏ మామగారి చిరునామాతో ధ్రువీకరించాలో దయచేసి తెలియజేయగలరు.

తమ సామర్థ్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. శ్రీశైలం ఆనకట్టకు కుడి వైపు 770 మెగావాట్లు ఒక రాష్ట్రానికీ, ఎడమ వైపు 900 మెగావాట్లు ఒక రాష్ట్రానికీ పంచిన చేయి తమదే. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ మీద 26 గేట్లను లెక్కపెట్టి, 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేయించినప్పుడు తమరు మొదటిసారి కంటికి కనిపించారు. ఆ ఫొటో చూసి పిల్లలకు సరిహద్దు పాఠం చెప్పడం నాకు సులువైంది. సెల్‌ఫోను కంపెనీలకు మాత్రం తమరు ఇంకా అందలేదు, రెండు రాష్ట్రాలూ వాటికి నేటికీ ఒకే సర్కిల్.

న్యాయంగా చెప్పాలంటే రెండు వైపులా ఒకేలా నడిచే ఏర్పాటు కూడా ఒకటి ఉంది. రాత్రి 9 గంటలకు అడవి దారి గేట్లు అటూ ఇటూ పడతాయి, ఉదయం 6కి లేస్తాయి. ఒకసారి ఇరవై నిమిషాలు ఆలస్యమై నేను గేటు ముందు కారులోనే తెల్లవారించాను. మొదట విసుక్కున్నాను. రెండో జాములో గేటుకు ఆవల తారు రోడ్డు మీద దుప్పుల మంద వచ్చి, వెచ్చగా ఉన్నందుకేమో, అక్కడే పడుకుంది. ఆ తొమ్మిది గంటలూ రోడ్డు వాటిది. ఆ వేళల్లో తమరు ఏం చేస్తుంటారో ఊహించలేకపోయాను.

విషయానికి వస్తాను. ఆ పాప జవాబు పత్రాన్ని నిన్న మళ్లీ తెప్పించి, పదిహేడున్నరను కొట్టేసి, పక్కన పద్దెనిమిది వేసి, పొట్టి సంతకం పెట్టి, తేదీ వేశాను. తమకు అభ్యంతరం ఉన్నచో వారం రోజుల్లోగా లిఖితపూర్వకంగా, ఏదో ఒక ఒడ్డుకు స్వయంగా వచ్చి సమర్పించుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
కర్నూలు