స్వయంగా, అంటే నలుగురం కలిసి

సొంత చేతులతో పని చేసుకునేవాళ్ళంటే జనానికి మరీ చులకనైపోయింది. కుళాయి వాషర్ మార్చుకున్నవాణ్ణి పిసినారి అంటారు. ఫ్యాను కెపాసిటర్ మార్చినవాడు స్విచ్ వేస్తుంటే ఇంట్లోవాళ్ళు రెండడుగులు వెనక్కి జరుగుతారు. ఇక పాతకాలపు కారుకి ముందు అద్దం తనే మార్చుకుంటానన్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటివారి పక్షాన ఎవరో ఒకరు నోరు విప్పాలి. మొన్ననే ఆ పని పూర్తి చేసిన అర్హతతో, ఎడమ బొటనవేలికి కట్టు ఇంకా విప్పకముందే, ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ముందు "స్వయంగా" అనే మాటకి అర్థం తేల్చుకోవాలి. తనంతట తానే అని నిఘంటువులు చెబుతాయి. వాటిని రాసిన పండితులెవరూ విండ్‌షీల్డ్ మార్చినట్టు లేదు. ఈ పనిలో స్వయంగా అంటే, లోపల కూర్చుని తాడు లాగడానికి ఒకరు, బయట నిలబడి అద్దం నొక్కడానికి ఒకరు, ఆ ఇద్దరూ పోట్లాడుకుంటుంటే మధ్యలో సబ్బు నీళ్ళు పొయ్యడానికి ఒకరు, అంతా అయ్యాక వచ్చి "ఇది ముందు నుంచీ ఇలా ఒక పక్కకే ఉందా?" అని అడగడానికి ఒకరు. మా ఇంట్లో ఈ నాలుగు పదవులూ వరసగా నాకు, మా బావమరిదికి, వాడి కొడుక్కి, మా ఆవిడకి దక్కాయి. పేరు మాత్రం పంచుకునేది కాదు. అది నాదే.

నా కారు 1960ల నాటిది. దాని ముందు అద్దం మీద, కుడి పక్క అడుగున, వేలెడు పగులు ఒకటి చాలాకాలంగా ఉండేది. అది పగులు కాదు గీత అని అడిగినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. ఒకరోజు మధ్యాహ్నం ఎండలో కాగి ఉన్న కారు మీద శుభ్రం కోసమని చల్లటి నీళ్ళు కొట్టాను. నా కళ్ళెదుటే ఆ గీత తాపీగా నడుచుకుంటూ మూరెడు దూరం వెళ్ళి, సరిగ్గా డ్రైవరు ముక్కుకి ఎదురుగా ఆగింది. ఇక దాన్ని గీత అనడానికి మొహం చెల్లలేదు.

అద్దాలు వేసేచోటికి తీసుకెళ్తే, అక్కడి ఆయన వేలితో రబ్బరు నొక్కి చూసి, "ఎండిపోయిందండీ. బిగించేటప్పుడు పగిలితే మా పూచీ లేదు" అన్నాడు. ఆ మాటే నన్ను ఆలోచనలో పడేసింది. పూచీ లేకుండా పగలగొట్టడానికి డబ్బులిచ్చి ఇంకొకరిని పెట్టుకోవడం ఎందుకు? ఆ మాత్రం నాకు చేతకాదా?

ఇక్కడ ఒక్క నిమిషం నిజంగానే సీరియస్‌గా మాట్లాడతాను, మళ్ళీ ఈ వ్యాసంలో ఆ తప్పు చెయ్యను. ఈ కాలపు కార్లకి ముందు అద్దాన్ని యూరిథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. కారు బోల్తా పడితే పైకప్పు కుంగిపోకుండా ఆ అద్దం ఆసరాగా ఉంటుంది. చాలా కార్లలో డ్రైవరు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆ అద్దానికే ఆనుకుంటుంది. అలాంటి అద్దం జోలికి సరదా కోసం వెళ్ళకూడదు. పాత కార్లలో చాలావాటికి ఆ జిగురు లేదు. అద్దం చుట్టూ మందపాటి రబ్బరు బీడింగ్ ఉంటుంది. దానికి లోపలివైపు ఒక గాడి, బయటివైపు ఒక గాడి. ఒకటి అద్దం అంచుని పట్టుకుంటే, రెండోది బాడీ రేకు అంచుని పట్టుకుంటుంది. బోల్టు లేదు, స్క్రూ లేదు. అటు అద్దానికీ ఇటు రేకుకీ ఒదిగి, ఇద్దరినీ కలిపి ఉంచుతూ ఎండకి ఎండి వానకి తడిసే ఆ రబ్బరుని చూస్తే ఉమ్మడి కుటుంబంలో పెద్ద కోడలు గుర్తొస్తుంది. ఆవిడ విలువ కూడా నీళ్ళు కారడం మొదలయ్యాకే తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు చరిత్ర చదివాను. పని వాయిదా వెయ్యడానికి చదువుని మించింది లేదు. 1903లో ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గర ఒక గాజు పాత్ర కింద పడిందట. పగిలింది గానీ ముక్కలు విడిపోలేదు. లోపల ఎండి అంటుకుపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. ఆ ఆలోచనకే ఆయన 1909లో పేటెంట్ తీసుకున్నాడు. అదే 1903 నవంబరులో అమెరికాలో మేరీ ఆండర్సన్ అనే ఆవిడకి వైపర్ మీద పేటెంట్ వచ్చింది. అంటే విడిపోని అద్దానికి బీజమూ, దాన్ని తుడిచే చెయ్యీ ఒకే ఏడాది పుట్టాయన్నమాట. ఆయన దగ్గర గాజు కింద పడితే సైన్సు ముందుకెళ్ళింది. నా చేతిలోంచి పడితే మా ఇంట్లో అలా అనుకోరు.

ఇప్పటి లామినేటెడ్ అద్దంలో రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. మామూలుగా దాని మందం 0.76 మిల్లీమీటర్లు. రాయి తగిలితే పగులు వస్తుంది, ముక్కలు మాత్రం ఆ పొరకే అంటుకుని ఉంటాయి. కొన్ని పాత కార్లకి టెంపర్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం వేసేవారు. అది పగిలితే ఒక్కసారిగా అద్దమంతా చిన్న చిన్న పలుకులైపోయి, డ్రైవరుకి రోడ్డు బదులు మంచు కనిపిస్తుంది. మార్చేటప్పుడు లామినేటెడే వేసుకోవడం మంచిది.

అద్దం కొనడం ఇంకో పరీక్ష. కారు పేరు చెబితే అద్దం ఇచ్చేస్తారనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు, కిందటి నెల వరకు నేనూ వారిలో ఒకణ్ణి. పైకి ఎప్పుడూ ఒకేలా కనిపించే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌నే తీసుకోండి. 1958 మోడల్‌కి అద్దం పెద్దదైంది, 1965 మోడల్‌కి ఇంకాస్త పెద్దదైంది, 1972లో వచ్చిన 1303 అనే మోడల్‌కి ఏకంగా బాగా వంపు తిరిగింది. మనిషికి వయసుతో పాటు నుదురు పెరుగుతుందని తెలుసు గానీ కార్లకీ పెరుగుతుందని నాకు తెలియదు. నాకు మొదట వచ్చిన అద్దం కావలసినదానికంటే బొటనవేలంత పొట్టి. అది ఇప్పుడు బీరువా వెనక ఉంది. దాన్ని టీపాయ్ చేస్తానని మాటిచ్చాను.

పాత అద్దం తియ్యడానికి తెలివైనవాళ్ళు రబ్బరుని బయటినుంచి కత్తితో కోసేస్తారు, అద్దం దానంతటదే వదులైపోతుంది. నేను కొయ్యలేదు. "మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుందేమో" అనే మాట మా వంశంలో తరతరాలుగా వస్తోంది. రబ్బరులో ఇమిడి ఉన్న మెరిసే అల్యూమినియం పట్టీని ముందుగా ఊడదీసి, ఎక్కడా వంగకుండా పాత దుప్పటిలో చుట్టి బీరువా మీద భద్రం చేశాను. ఆ తర్వాత సీట్లో వెల్లకిలా పడుకుని, రెండు పాదాలూ అద్దం పై మూలకి ఆనించి, మెల్లగా తన్నడం మొదలుపెట్టాను. ఇది నిజంగా ఉన్న పద్ధతే, నా సొంత కవిత్వం కాదు. బయట బానెట్ దగ్గర దుప్పటి పట్టుకుని బావమరిది సిద్ధంగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే కింది వాటాలోని పెద్దాయన అటుగా వెళ్తూ, కారులోంచి పైకి లేచిన నా అరికాళ్ళని చూసి, "ఏమైంది బాబూ, అతను బాగానే ఉన్నాడా?" అని అడిగాడు. "అద్దం మారుస్తున్నాడండీ" అన్నాడు బావమరిది. ఆయన మరో ప్రశ్న వెయ్యకుండా వెళ్ళిపోయాడు.

అద్దం వచ్చేసింది. దాంతో పాటు నిజం కూడా బయటపడింది. రబ్బరు కింద అడుగు అంచు పొడవునా తుప్పు. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గీరితే పొరలు పొరలుగా ఊడింది. ఒకచోట స్క్రూడ్రైవర్ అవతలికి వెళ్ళి డాష్‌బోర్డు కిందనుంచి నన్ను పలకరించింది. దాని పైన, ఎప్పుడో ఎవరో లీకేజీ ఆపడానికి పూసిన నల్లటి ముద్ద, రాయిలా గట్టిపడి ఉంది. నాకంటే ముందు ఈ కారుకి ఇంకో "స్వయంగా" మనిషి ఉండేవాడన్నమాట. ఆయన మీద కోపం రాలేదు, ఒక రకమైన బంధుప్రీతి కలిగింది. ఏమైతేనేం, అరపూట పని కాస్తా రెండు వారాలు పట్టింది. గీకడం, రేకు అతికించడం, ప్రైమరు, పెయింటు, ఆరడం. ఆ రెండు వారాలూ అద్దం లేని కారుని టార్పాలిన్ కింద చూసి పలకరించినవాళ్ళకి "రిస్టోరేషన్ నడుస్తోంది" అని చెప్పాను. బాగు చెయ్యడం అంటే ఎప్పుడవుతుందని అడుగుతారు. రిస్టోరేషన్ అంటే ఎవరూ అడగరు.

ఇక అసలు ఘట్టం. కొత్త రబ్బరుని ఎండలో కాసేపు పెట్టి మెత్తబరిచి అద్దం చుట్టూ తొడిగాం. రేకుని పట్టుకోవాల్సిన గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలూ అడుగున మధ్యలో ఒకదానిమీద ఒకటి వచ్చేలా చేసి కారు లోపలికి వేలాడదీశాం. సబ్బు నీళ్ళు దండిగా రాశాం. గ్రీజు రాయకూడదు, అది రబ్బరుని పాడుచేస్తుంది. బయటివాడు అద్దాన్ని అరచేత్తో నొక్కుతుంటే లోపలివాడు తాడు కొస లాగుతూ పోవాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు మీదుగా దొర్లి లోపలికి వచ్చి కూర్చుంటుంది. వీడియోలో ఒకాయన ఈ పని 11 నిమిషాల్లో ముగించాడు. మధ్యమధ్య మాటలు ఆపేసి సంగీతం పెట్టాడు. ఆ సంగీతం ఎందుకు పెట్టాడో నాకు మొదటి మూల దగ్గరే అర్థమైంది.

"నొక్కు బావా!" అంటాడు వాడు బయటినుంచి.

"నొక్కాల్సింది నువ్వురా, నేను లాగుతున్నాను!"

"మరి లాగు!"

"నువ్వు నొక్కితే కదా లాగేది!"

ఇలా ఒక మూల అయింది. రెండో మూల దగ్గర తాడుతో పాటు నా బొటనవేలు కూడా రబ్బరు కింద ఇరుక్కుంది. దాన్ని తీసుకునే తొందరలో చర్మం కొంత అక్కడే వదిలేశాను. మూడో మూల దగ్గర "టిక్" మని చప్పుడైంది. ముగ్గురం బిగుసుకుపోయాం. మేనల్లుడి చేతిలో మగ్గు గాల్లోనే ఆగిపోయింది. అద్దం అంచులు ఎంత సున్నితమో చదివినవాణ్ణి నేను. మధ్యలో గుద్దినా ఓర్చుకునే అద్దం, అంచు దగ్గర చిన్న దెబ్బకే చీలిపోతుంది. ఆ అర నిమిషం టెన్షన్‌లో టీపాయ్‌లు రెండయ్యాయనే అనుకున్నాను. చివరికి బావమరిది మెల్లగా ఒంటికాలి మీద నిలబడి, "అద్దం కాదు బావా, నా మోకాలు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగో మూల గురించి చెప్పేదేమీ లేదు. అది దానంతటదే కూర్చుంది.

పైపుతో నీళ్ళు కొట్టి చూశాం. ఎడమ మోకాలి మీద చుక్క పడింది. గంట వెతికితే అది అద్దం చుట్టూ నుంచి కాదు, వైపర్ కడ్డీ చుట్టూ ఉన్న చిన్న వాషర్ దగ్గర్నుంచి అని తేలింది. ఈ విషయం అందరినీ పిలిచి చూపించాను. లీకేజీ ఉన్నందుకు అంత సంతోషపడ్డ మనిషిని తాను చూడలేదని మా ఆవిడ అంది. ఎంత ఆదా అయిందని మాత్రం ఆవిడ అడగలేదు. కొన్న పనిముట్లు, పొట్టి అద్దం, తుప్పు ఖర్చు, బావమరిది మోకాలికి బామ్, అన్నీ కలిపి లెక్క సిద్ధంగా పెట్టుకున్నాను. అడగకపోవడమే ఎక్కువ భయంగా ఉంది.

సాయంత్రం సామాన్లు సర్దుతుంటే మేనల్లుడు బీరువా మీదనుంచి దుప్పటి చుట్ట దించాడు. "మామయ్యా, ఈ మెరిసే పట్టీ ఎక్కడిది?"

మాన్యువల్ తెరిచాను. ఆ పట్టీని, అద్దాన్ని కారుకి బిగించకముందే రబ్బరులోకి ఎక్కించాలి. ఆ వాక్యం ఎడమ పేజీలో ఉంది. నేను తాడు బొమ్మ ఉన్న కుడి పేజీ నుంచి మొదలుపెట్టాను.

కొద్దిసేపు మౌనం తర్వాత, పట్టీ లేకపోవడం కూడా చరిత్ర ప్రకారం సరైనదేనని వాళ్ళకి వివరించాను. ఆ రోజుల్లో కొన్ని కార్ల చవక మోడళ్ళకి ఈ మెరుపు పట్టీ ఉండేదే కాదు, వట్టి నల్ల రబ్బరే ఉండేది. బీటిల్‌లోనూ అలాంటి స్టాండర్డ్ మోడల్ ఉండేది. ఆడంబరం లేదు, అందం ఉంది. బావమరిది తల ఊపాడు. వాడికి ఇంటికి వెళ్తే చాలు.

మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. "మరి వెనక అద్దానికి ఉందేం?"

వెనక అద్దం రబ్బరు కూడా ఎండిపోయే ఉంది. వేలితో నొక్కి చూశాను. బావమరిదికి ఇంకా చెప్పలేదు.