తప్పెటగుళ్ళ గురువుకి కెరీర్ గైడెన్స్

మన సిక్కోలు (శ్రీకాకుళం), ఇజీనారం (విజయనగరం) కళాకారులకి లేనిది డబ్బులనీ కచేరీలనీ ఇన్నాళ్ళూ అనుకున్నాం గానీ, అసలు లేనిది కెరీర్ ప్లానని ఈమధ్యే తేలింది. తేల్చింది ఒక స్వచ్ఛంద సంస్థ. పేరెందుకు లెండి, మంచి పని చేసేవాళ్ళకి పేరు మీద మోజుండదు, లోగో మీదే ఉంటుంది.

2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి కదా, ఖర్చు పెట్టదగ్గ పనుల లిస్టులో సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి, అంచేత ఎక్కడో ముంబైలో కంపెనీకి లాభమొస్తే అందులో ఒక చుక్క నాగావళి ఒడ్డున ఉన్న తప్పెటగుళ్ళ గురువు దాకా వచ్చే దారి చట్టంలోనే ఉందన్నమాట. దారి కొంచెం పొడుగు, అంతే. మధ్యలో కన్సల్టెంటు, ఫోటోగ్రాఫరు, ఏసీ హాలు, వైజాగ్ నుంచి వచ్చే యాంకరమ్మ. ఈ డబ్బుల్లో కంపెనీ ఆఫీసు ఖర్చులు 5 శాతం దాటకూడదని రూలు కాబట్టి ఇవన్నీ ప్రోగ్రాం ఖర్చు కింద రాసుకుంటారు, తప్పేముంది, బిర్యానీ తిన్నంతసేపూ కళ గురించే కదా మాట్లాడుకున్నారు.

శ్రీకాకుళంలో పెట్టిన వర్క్‌షాపులో మొదటి సెషన్ కాన్ఫిడెన్స్ బిల్డింగ్. ఎదురుగా కూర్చున్న గురువుగారు ఎవరంటే, గుండెకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని తెల్లార్లూ ఎగిరే మనిషి, జట్టు జట్టంతా ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఎక్కి నిలబడ్డా పాటలో ముక్క జారనివ్వని మనిషి. పాపం ఆయనకి స్టేజ్ ఫియర్ ఎలా పోగొట్టుకోవాలో స్లైడ్స్ వేసి మరీ చెప్పారు. తర్వాత ట్రైనర్ గారు, అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు అని అడిగారు.

"అయిదేళ్ళ మాట ఎవుడికెరిక బాబూ, ఒచ్చే పండక్కి ఈ మోకాలు ఇలాగే ఉంటే సాలు."

లాంగ్ టర్మ్ విజన్ లేదు అని రాసుకున్నారు.

జముకుల కథ చెప్పే పెద్దాయన ఇంకా కష్టమైన కేసు. రీల్స్ చెయ్యండి, ముప్పై సెకండ్లలో కథ తేల్చెయ్యండి అంటే "ముప్పై సెకండ్లలో ఎల్లమ్మ తల్లి పుట్టనే పుట్టదు గదా బాబూ" అన్నాడు. మార్కెట్‌కి తగ్గట్టు మారకపోతే అమ్మవారైనా ఏం చేస్తుంది చెప్పండి.

సాయంత్రం అందరిచేతా ఫ్రీగా ఆడించారు. డబ్బులిస్తే ఎక్స్‌పోజర్ విలువ పడిపోతుందట. యాంకరమ్మకి, సౌండు సిస్టం వాడికి మాత్రం ఆ ప్రమాదం లేదు కాబట్టి చేతిలో పెట్టేశారు. కళాకారులకి బ్యాగు, పెన్ను, సర్టిఫికెట్టు, ఒరిజినల్ టికెట్టు చూపిస్తే బస్సు చార్జీ (ఎక్కువమంది ఆటోల్లో వచ్చారు, ఆటోవాడు టికెట్టివ్వడు, అది వేరే సంగతి).

అసలు తప్పంతా మన జాతర కమిటీల దగ్గరుంది, ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. గ్రామదేవత పండగొస్తే ఏం చేస్తున్నారు వీళ్ళు? ఫోన్ చేసి బేరమాడుకుని, బయానా ఇచ్చి, వ్యాన్ పంపించి, వచ్చినోళ్ళకి కడుపునిండా పెట్టి, తెల్లారేసరికి మిగతా డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టేస్తున్నారు. బేస్‌లైన్ సర్వే లేదు, యుటిలైజేషన్ సర్టిఫికెట్టు లేదు, దాతలకి పన్ను మినహాయింపు రసీదు మాట దేవుడెరుగు. ఆట మధ్యలో ఎవడో మురిసిపోయి గురువు చొక్కాకి పిన్నీసుతో అయిదొందల నోటు గుచ్చేస్తాడు, దానికి వోచరేదీ? పైగా ఆట బాగోకపోతే మొహం మీదే చెప్పేస్తారు, ఫీడ్‌బ్యాక్ ఫారం కూడా ఉండదు. ఇంత క్రమశిక్షణ లేని దాతల చేతుల్లో మన కళలు ఇన్ని తరాలు ఎలా బతికాయో నిజంగా పరిశోధించాలి.

రాజులూ తక్కువేం కాదు. విజయనగరం మహారాజు 1919లో సంగీత కళాశాల పెట్టి, ఊరూరా హరికథలు చెప్పుకునే ఆదిభట్ల నారాయణదాసుని ప్రిన్సిపాల్‌ని చేశాడు, ద్వారం వెంకటస్వామి నాయుడికి 26 ఏళ్ళకే వయొలిన్ ప్రొఫెసర్ ఉద్యోగం. నెలనెలా జీతం! ఉద్యోగమిచ్చేస్తే ఇంక ఎంపవర్‌మెంట్ ఎలా అవుతుంది?

వర్క్‌షాపు ఆఖరి రోజు కలెక్టరేట్ నుంచి పెద్దమనుషులొచ్చారు, శాలువాలు రెడీ, ఫ్లెక్సీలో గురువుగారి ఫోటో యాంకరమ్మ ఫోటో కన్నా కొంచెమే చిన్నగా ఉంది. ఆయన రాలేదు. ఫోన్ చేస్తే వెనకాల గజ్జెల చప్పుడు, పాలకొండ అవతల ఏదో ఊళ్ళో పండగట, బయానా తీసుకున్నాడట, "రేపొత్తానమ్మా, ఆ సాలువా దాసి ఉంచండి" అని పెట్టేశాడు. రిపోర్టులో డ్రాపౌట్ అని రాశారు. కళాకారులు మధ్యలో ఎందుకు వెళ్ళిపోతున్నారో స్టడీ చెయ్యడానికి రెండో విడత ఫండ్స్‌కి ప్రపోజల్ కూడా వెళ్ళిపోయింది, ఫోటోగ్రాఫర్ మాత్రం పాతాయనే.